పెట్రోమాక్సు అయ్యగారి గొంతు

మార్చి 5, విభూది బుధవారం

పొద్దున పూజలో ఫాదర్ ఇమ్మాన్యుయేల్ గారు నుదుటి మీద బూడిద రాస్తూ, మట్టివి, మట్టిలోనే కలుస్తావు అన్నారు. అలాగే ఫాదర్ అని మనసులో అనుకుని సరాసరి షాపుకి వచ్చాను. మట్టిలో కలిసే లోపు ప్రభుదాసు ఫ్లెక్సీ పూర్తి చెయ్యాలి.

ఓనరు ఆదిశేషయ్య గారు నా మొహం చూసి, "ఏంట్రా, అద్దం చూసుకోలేదా?" అన్నాడు. సంగతి చెప్పాను. "ఓహో, మీకూ ఉందా విభూది!" అని సంతోషపడ్డాడు. ఆయనతో నాకు పేచీ లేదు. గుడి తిరునాళ్ళ ఫ్లెక్సీ అయినా, పార్టీ వాళ్ళ ఫ్లెక్సీ అయినా, పాస్టర్ల ఫ్లెక్సీ అయినా ఆయనకు ఒకటే గుడ్డ. "మీలో మీరు ఎంత కొట్టుకుంటే నా మిషను అంత తిరుగుద్దిరా" అంటాడు. కనీసం ఆ మాట నిజం.

తర్వాత ఆయన వచ్చాడు. బిషప్ డాక్టర్ ప్రభుదాసు గారు, అగ్నిస్తంభ స్వస్థత మందిరం. నాకు ఊహ తెలిసేటప్పటికి విస్సన్నపేట రోడ్డులో సెల్ రీచార్జి కొట్టు పెట్టుకుని ఉండేవాడు. బిషప్ ఎప్పుడయ్యాడో, డాక్టర్ ఏ జబ్బుకో, అడిగినవాడు లేడు.

"తమ్ముడూ, గడ్డం కింద కండ కొంచెం తగ్గించు. కళ్ళల్లో వెలుగు రావాలి. వెనకాల అగ్ని, పైన పావురం."

"అగ్ని పైనే అంటే పావురం కాలదా అండీ?"

నవ్వలేదు. నా నుదుటి వైపు చూశాడు. "బూడిద పూసుకుంటే రక్షణ రాదు తమ్ముడూ. బొమ్మలకు మొక్కేవాళ్ళ పద్ధతులవి. బయటికి రా."

బయటికి రాలేదు. కుర్చీలోనే కూర్చుని ఆయన గడ్డం కోశాను. మచ్చలు తుడిచాను. జనం పల్చగా ఉన్నారంటే ఎక్కడిదో క్రికెట్ మ్యాచ్ జనాన్ని తెచ్చి వెనక అతికించాను. అందులో ఒకడి చేతిలో సిక్సర్ అట్ట ఉంటే దాన్ని చెరిపి బైబిలు పెట్టాను. రెండు చేతులూ పైకెత్తి వాడు సెహ్వాగులా అరుస్తున్నాడు. ఆత్మ దిగినట్టే ఉంది.

ఛీ. ఇదీ నేను తినే అన్నం.

షాపు మూశాక మెట్ల మీద కూర్చుని ఆయన గొంతు అచ్చుగుద్దినట్టు దించి ఫోన్లో రికార్డు చేశాను. చిన్నప్పటి నుంచీ నాకు వచ్చిన విద్య అదొక్కటే. పేరు కూడా పెట్టాను. బిషప్ డాక్టర్ పెట్రోమాక్సు అయ్యగారు. పెట్రోమాక్సు దీపంలా గాలి కొడితేనే వెలిగే మనిషి. వాట్సాప్‌లో పెట్టేశాను.

మార్చి 7, శుక్రవారం

సిలువ మార్గానికి వెళ్ళాను. అమ్మ రాలేదు. మోకాళ్ళు నొప్పులంది.

మార్చి 9, ఆదివారం

పూజ అయ్యాక చర్చి ముందు ఎవరి ఫోను చూసినా పెట్రోమాక్సు మాట్లాడుతున్నాడు. పక్క ఊళ్ళు ఎ.కొండూరు, నెమలి నుంచి, నాకు ముక్కూ మొహం తెలియని వాళ్ళ నుంచి తిరిగి నాకే వచ్చింది. మరిచిపోకుండా ఇక్కడ కొంత రాసిపెట్టుకుంటాను.

"ప్రియులారా! బొమ్మలకు మొక్కకండి, మహాపాపం! వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా ఫోటో స్టిక్కర్లు ఉంటాయి, బండికొకటి అంటించుకోండి, లారీలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి! మాకోసం ప్రార్థించమ్మా అని మరియమ్మను అడుగుతారా? ఆమె పరలోకంలో ఉంది, వినబడదు! నన్నడగండి! నేను తిరువూరులోనే ఉంటాను, సిగ్నలు బాగుంటుంది! ఫాదరు చెవిలో గుట్టుగా పాపాలు చెప్పుకుంటారా? తప్పు! మైకు పట్టుకుని నాలుగు వీధులకు వినబడేట్టు చెప్పుకోండి. దాన్ని సాక్ష్యం అంటారు!"

ఫాదర్ పిలిచారు. మొహం గంభీరంగా పెట్టి, "ఆ పెట్రోమాక్సు నువ్వేనటగా?" అన్నారు.

"అవును ఫాదర్."

"నేను విననట్టే లెక్క." అటూ ఇటూ చూసి, "ఆ లారీలది ఒకసారి వినిపించు" అన్నారు.

కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన మా చర్చి విచారణకు వచ్చి ఏడేళ్ళయింది, ఆ మనిషి పళ్ళు ఎలా ఉంటాయో ఇవాళ చూశాను.

నేను ఇది పేరు కోసం చెయ్యడం లేదు. విశ్వాసం కోసం చేస్తున్నాను. ఇంటికొచ్చే లోపు ఎంతమంది పంచుకున్నారో మాటిమాటికీ చూసుకున్నాను. అది వేరే సంగతి.

మార్చి 14, శుక్రవారం

ఇంటర్ తప్పాక నాకు పాఠం చెప్పినవాడు లేడు. ఫోటోషాప్ ఎవడి వెనకో నిలబడి నేర్చుకున్నాను. నా మతం చర్చి వెనక గదిలో చెదలు తిన్న జ్ఞానోపదేశం పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. స్కూల్లో నన్ను "ఏరా ఆర్‌సీఎం, మీ బొమ్మకి అన్నం పెట్టావా?" అని ఏడిపించేవాళ్ళు. ఏడిపించిందీ క్రైస్తవుల పిల్లలే, మాలా కాథలిక్కులు కాని వాళ్ళు. జవాబు చెప్పడానికి నాకు మాట ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. కొట్టినట్టు ఉంది.

నాన్న ఫోటోకి దండ వేస్తే నాన్నంటే ప్రేమ. మరియమ్మ స్వరూపానికి వేస్తే విగ్రహారాధన. పోనీ ఆ పావురం? నేను వేశాను ఫ్లెక్సీ మీద, తెల్లటి పావురం, ముక్కులో ఆలివ్ కొమ్మతో సహా. అది బొమ్మ కాదా?

అసలు ఎక్కువ అసహ్యం మా వాళ్ళంటే. పొద్దున పూజలో దివ్యసత్ప్రసాదం పుచ్చుకుంటారు. సాయంత్రం ప్రభుదాసు దగ్గర అభిషేకతైలం సీసా తెచ్చి కొంగులో దాచుకుంటారు. అడిగితే, "రెండు చోట్లా పెట్టి చూస్తే ఏదో ఒకటి తగలకపోద్దా" అంటారు. లాటరీ టికెట్టు అనుకున్నారు దేవుణ్ణి.

మా ఇంట్లో ఆ దరిద్రం లేదు. మా అమ్మ మేరమ్మ జపమాల లేనిదే గడప దాటదు.

మార్చి 17, సోమవారం

ప్రేమ్ కిరణ్ వచ్చాడు. ఎ.కొండూరు వాడు, మైకు సెట్లు అద్దెకిస్తాడు, మావాడే. శనివారం ప్రభుదాసు మందిరంలో సౌండు వాడిదే. వచ్చీ రాగానే కుర్చీలో పడి నవ్వుతున్నాడు.

"మామా, ఒక ముసలామె. కుంటుకుంటూ వచ్చింది. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి కేకేశాడు. నడువు అన్నాడు, నడిచింది. గంతులెయ్యి అన్నాడు. ఎగిరింది చూడు మామా! కాలి చెప్పు ఊడి గాల్లోకి లేచి కీబోర్డు వాయించేవాడి దవడ మీద పడింది!"

"ఎవరామె?"

"నాకేం తెలుసు, మీ ఊరామే. మొహం ముసుగులో ఉంది."

ఇలాంటిది దొరికాక ఊరుకునే మనిషిని కాదు. అప్పటికప్పుడు షాపు వెనక కూర్చుని చేశాను. పెట్రోమాక్సు గొంతు, ముసలామె గొంతు, రెండూ నావే. మధ్యలో 'స్తోత్రం, స్తోత్రం' అని సన్నగా గునిసే ఆడగొంతు ఒకటి, ప్రభుదాసు వీడియోల్లో ఎప్పుడూ వినబడేది.

"అయ్యా, కాలు తేలికైపోయిందయ్యా! స్తోత్రం!"

"తేలికైంది కాలు కాదమ్మా, చెప్పు పోయింది!"

"అయ్యా, ఆ కీబోర్డు అబ్బాయేదో అంటున్నాడయ్యా!"

"అభిషేకం తగిలింది తల్లీ! అన్యభాషల్లో మాట్లాడుతున్నాడు!"

ప్రేమ్ కిరణ్ నేల మీద దొర్లాడు. సాయంత్రానికి ఊరంతా ఆ చెప్పు ఆడియోనే.

ఇంటికెళ్ళి అమ్మకు వినిపించాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నవ్వలేదు. చివరిదాకా విని, "ఆవిడ గొంతు అట్టా ఉండదులే" అంది.

"నువ్వు విన్నావా ఏంటి?"

"నేనెక్కడ విన్నాను" అని చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పాతకాలపు మనిషి. హాస్యం అర్థం కాదు.

మార్చి 18

అమ్మకు చెప్పులు కొనాలి. ఒకటే ఉంది. రెండోది కుక్క ఎత్తుకుపోయిందట.

మార్చి 25, మంగళవార్త పండుగ

పూజ తర్వాత ఫాదర్ కబురు పెట్టారు. ప్రభుదాసు మనుషులు ఇద్దరు వచ్చి ఆయన మీద కేకలేసి వెళ్ళారట. పెట్రోమాక్సు ఎవడో చెప్పకపోతే కేసు పెడతామన్నారట. నాకు చివాట్లు పడతాయనుకున్నాను.

"నువ్వు మా విచారణ వాడివే కాదన్నాను" అన్నారు ఫాదర్.

"ఫాదర్!"

"అట్టా అంటేగాని వదల్లేదురా. ఏమనుకోకు." గొంతు తగ్గించారు. "ఈస్టర్‌కి పిల్లల ప్రోగ్రాములున్నాయి కదా. చివర్లో నీ చెప్పు ముసలామెది స్టేజి మీద వేద్దాం. జనం విరగబడతారు. పెట్రోమాక్సు పేరు మాత్రం మార్చు."

పేతురు గారు కోడి కుయ్యకముందు యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. ఈయన ఒక్కసారికే సరిపెట్టి మళ్ళీ నాటకం కూడా అడిగాడు. కంపరం పుట్టింది. పుట్టినా ఒప్పుకున్నాను. స్టేజి అంటే ఎవడికి చేదు.

రాత్రికి ముసలామె నడక కూడా సాధన చేశాను. ఎడమ కాలు ఈడుస్తూ. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

మార్చి 29, శనివారం

ఇది రాయకపోతే ఎవణ్ణో ఒకణ్ణి కొట్టేలా ఉన్నాను.

మధ్యాహ్నం షాపు వాట్సాప్‌కి ప్రభుదాసు ఫోటోలు పంపాడు. మట్టల ఆదివారానికి పెద్ద ఫ్లెక్సీ. కింద గుండ్రాల్లో స్వస్థత పొందినవాళ్ళ ఫోటోలు రావాలట. మొదటిది ఎవరో పొలం పనివాడు. రెండోది ఒక పిల్ల. మూడోది మా అమ్మ.

తల మీద ముసుగు జారిపోయి ఉంది. చేతిలో మైకు. నోరు ఇంత తెరిచి ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. కింద రాసి పంపాడు: "మేరమ్మ గారు, తిరువూరు. షుగరు వ్యాధి, కాలి పుండు నుండి సంపూర్ణ విడుదల."

ఆదిశేషయ్య గారు నా భుజం మీదుగా చూశాడు. "ఒరేయ్, ఈవిడ మీ..." అని ఆగిపోయాడు. "ఇంటికి పో. మిగతాది నేను చూసుకుంటాలే" అన్నాడు.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"కాలు చూపించు."

"ఏముందిరా చూడ్డానికి."

"చూపించమ్మా."

కట్టు విప్పింది. వాసన ముందు వచ్చింది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ నల్లబడ్డాయి. నేను ఈ ఇంట్లోనే ఉంటున్నాను. ఈ వాసనలోనే అన్నం తిన్నాను.

"బిళ్ళలు?"

"ఆపేశాను. నమ్మకం ఉంటే ఆపమన్నారు."

"వాడి గడ్డం రోజూ నేను కోస్తున్నానమ్మా! వాడి మొహమే నిజం కాదు, వాడి మాట ఎట్టా నమ్మావే?"

"అరవకు. పక్కింట్లో వింటారు." కట్టు మళ్ళీ చుట్టుకుంటోంది. "విస్సన్నపేట తోటలో పనికెళ్ళినప్పుడు బుట్ట బద్ద గుచ్చుకుంది. రూత్ అని, నాతో పనికొచ్చే అమ్మాయి. ఆ మందిరం మనిషే. రోజూ ఇంటికొచ్చి వేడినీళ్ళు పెట్టి కడిగింది. కన్నకూతురైనా ముక్కు మూసుకుంటది. ప్రార్థనకి రా పిన్నీ అంది. కాలు కడిగిన పిల్ల పిలిస్తే రానని ఎట్టా అంటాను?"

"నాతో చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు చెప్పను? ఇంటికి రాగానే ఫోను నోటి దగ్గర పెట్టుకుంటావు. ఆయన గొంతుతో మాట్లాడతావు. అక్కడికి పోతే అక్కడా ఆయన గొంతే, ఇంటికొస్తే ఇంట్లోనూ ఆయన గొంతే. నా కొడుకు గొంతు విని ఎన్నాళ్ళయిందో."

చెయ్యి పట్టుకుని లేపబోయాను.

"లే. ఆసుపత్రికి పోదాం."

"రాను."

"అమ్మా!"

"రానంటే రాను. ఈ కాలు పట్టుకుని లైన్లో నిలబడితే ఆ చెప్పు ముసలిది ఈవిడే అని అందరికీ తెలిసిపోద్ది. కిరాణా కొట్లో నా ముందే పెట్టుకుని విన్నారు రాయప్పా. పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నేనేనని కనిపెడతారని నవ్వాను."

మార్చి 30

ఆడియో తీసేశాను. తీసేసి ఏం లాభం, అందరి ఫోన్లలోనూ ఉంది. బస్టాండులో ఒక ఆటో వాడు నన్ను చూసి కాలు ఈడుస్తూ నడిచి చూపించి, "సూపర్ బ్రో" అన్నాడు.

ఏప్రిల్ 1

బిళ్ళలు కొని తెచ్చాను. వేసుకుంటోంది. ఆసుపత్రి అంటే మాత్రం గోడ వైపు తిరుగుతుంది. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. అన్నం మానేస్తే "తపస్సు కాలమేగా, ఈస్టర్ దాకా ఉపవాసం మంచిదే" అంది.

ఏప్రిల్ 2

ఫ్లెక్సీ వేశాను. అమ్మ ఫోటో రావాల్సిన గుండ్రంలో మేఘం పెట్టాను.

ఏప్రిల్ 6, ఆదివారం

తపస్సు కాలం ఐదో ఆదివారం. చర్చిలో స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డలు కప్పారు. ఈస్టర్ పండగ దాకా అంతే. మా ఇంట్లో కూడా అమ్మ ఏటా కప్పుతుంది. గోడ అరలో మరియమ్మకు తన పాత రవికె గుడ్డ, ఊదా రంగుది.

పూజ నుంచి వచ్చేసరికి వాకిట్లో కారు. ఫ్లెక్సీలో మేఘం చూసి ప్రభుదాసే స్వయంగా వచ్చాడు. వెనక రూత్. ముప్పై ఏళ్ళుంటాయేమో, కూలి పనితో అరచేతులు గట్టిపడ్డ మనిషి. నన్ను చూసి తల దించుకుంది.

ఆయన లోపలికి అడుగు పెడుతూనే అర వైపు చూశాడు. ఊదా గుడ్డ చూశాడు. రెండు చేతులూ పైకి లేచాయి.

"హల్లెలూయా! చూశావా రూత్! ముసుగేసేసింది! నేను చెప్పలేదు, ఆత్మే చెప్పింది! ఇంక బయట పడెయ్యడమే మిగిలింది తల్లీ!"

నాకు నవ్వు రాలేదు. అమ్మ మాత్రం కుర్చీ తుడిచి వేసింది.

"కూర్చోండి అయ్యగారూ. అది అందుక్కాదండి. తపస్సు కాలం కదా, ఆఖర్లో కప్పుతాం. పండక్కి తీసేస్తాం."

"ఎందుకు కప్పడం?"

"ఆయన శ్రమలు ఒక్కటే కళ్ళ ముందు ఉండాలని, మిగతా మొహాలన్నీ కప్పేస్తామండి." గోడకు వేలాడుతున్న క్యాలెండరు వైపు చూసింది. అగ్నిస్తంభం వాళ్ళది, పన్నెండు నెలలూ ఆయన ఫోటోనే, నేను చేసిందే. "మీకు కూడా కప్పుదామని గుడ్డ తీశానండి. తేదీలు కనబడవని ఆగాను."

రూత్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అది దైవసేవకుడి ఫోటో అమ్మా. బొమ్మ వేరు, ఫోటో వేరు."

"వేరేనండి. ఈవిడ బొమ్మ కింద ఫోను నంబరు ఉండదు."

వెటకారం లేదు ఆ గొంతులో. కాఫీ కలపడానికి లేస్తూ అంది, పంచదార ఎంత వెయ్యమంటారని అడిగినట్టు. నేను ఇన్ని ఆడియోలు చేశాను, కేకలేసి, సంగీతం పెట్టి. ఆయన మొహం ఇలా వాడిపోవడం ఎప్పుడూ చూడలేదు.

కాఫీ తాగలేదు. వీడియో కావాలన్నాడు, కాలు చూపిస్తూ సాక్ష్యం చెప్పాలట.

"కాలు చూపిస్తే మీకే బాగోదండి" అని అమ్మ చీర అంచు కొంచెం ఎత్తింది. చూశాడు. జేబురుమాలు ముక్కు దగ్గరికి వెళ్ళింది.

"విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందమ్మా. తిరిగి పట్టుకుంది." అంతే. లేచాడు, వెళ్ళాడు. కారు ఎక్కేటప్పుడు చెప్పులు తొడుక్కోవడానికి కూడా వంగలేదు, కాళ్ళతోనే వెతుక్కున్నాడు.

రూత్ కారు ఎక్కలేదు. వెనక్కి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"తమ్ముడూ, పిన్నిని ఆసుపత్రికి తీసుకుపో. నేను రోజూ కడుగుతున్నా. వాసన మారింది."

"మీ అయ్యగారిని అడిగి చెప్తున్నావా?"

"ఆయన్ని అడగలేదు." వెళ్ళబోతూ ఆగింది. "స్తోత్రం స్తోత్రం అని గునిసేది, అది నా గొంతేగా. బాగా దించావు."

బాగా దించావు అంది. అంతకంటే ఉమ్మేస్తే బాగుండేది.

ఏప్రిల్ 7

చెబితే వినదు. ఊరు నవ్వుద్ది, ఊరు నవ్వుద్ది. నేనే నవ్వించాను కాబట్టి నేనే తిప్పాలి.

ఏప్రిల్ 8

ఊరు నన్ను చూసి నవ్వేలా ఒకటి చెయ్యాలనుకున్నాను. రాయప్ప అని ఒక వెధవ, కాథలిక్ శ్రీసభను కాపాడుతుంటాడు, ఇంట్లో తల్లి కాలు కుళ్ళుతుంటుంది. కథ బాగుంది. చేస్తే రాలేదు. ఎన్నిసార్లు చేసినా అది పెట్రోమాక్సు గొంతే వస్తోంది. లేకపోతే ఏడుపు వస్తోంది. ఏడుపు ఎవడిక్కావాలి.

ఏప్రిల్ 9, బుధవారం

సాయంత్రం, వచ్చినంతలో చేసిన ఆడియో అమ్మకు వినిపించాను. మంచం మీద కాలు దిండు మీద పెట్టుకుని విన్నది.

"ఎవర్రా ఇతను?"

"నేనేనమ్మా."

"నువ్వు ఇట్టా ఎక్కడుంటావు? ఇంత మంచిగా నన్ను ఎప్పుడు పిలిచావు? అందరి గొంతులూ దించుతావు, నీ గొంతు నీకు రాదు." ఫోను అడిగింది. "ఏది నొక్కాలి?"

నొక్కి ఇచ్చాను. గొంతు సవరించుకుంది. తర్వాత మా అమ్మ నోట్లోంచి నేను వచ్చాను.

"అమ్మా! కాఫీ! ఇక్కడ రెండువేల ఏళ్ళ శ్రీసభను ఒక్కణ్ణే మోస్తున్నా, పంచదార ఎక్కువెయ్యి! ఈ ఊళ్ళో వాళ్ళకి బుర్ర లేదమ్మా! ఫాదరుకి లేదు, పాస్టరుకి లేదు, నాకుంది, దాన్నేం చేసుకోవాలో తెలవట్లేదు! అమ్మా! ఏంటా కుంటడం? అటు జరుగు, నీ కాలి చప్పుడు రికార్డింగులోకి వస్తోంది!"

ఆ చివరి మాట నేను అన్నాను. నిజంగా అన్నాను. ఏ రోజో గుర్తులేదు, అన్నది మాత్రం గుర్తుంది. అచ్చం అదే విసుగు, 'అటు' అనేచోట అదే ఒత్తు. చెవులు మూసుకోవాలనిపించింది. ఈ గొంతుతోనా నేను లోకాన్ని తిడుతున్నది. నాకు ఈ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది. నేను పుట్టినప్పటి నుంచీ, ఇరవై నాలుగేళ్ళుగా ఈవిడ ఒక్కరోజు కూడా బయటికి తియ్యలేదు.

ఆవిడ ఆగలేదు. మామూలు గొంతులోకి వచ్చింది.

"వందనాలండి. నేను మేరమ్మని. ఈ రాయప్ప తల్లిని. ఆ చెప్పు ముసలిదాన్ని కూడా నేనే. గంతేసిన మాట నిజమండి, తగ్గిన మాట అబద్ధం. అంతమంది చప్పట్లు కొడుతుంటే అప్పటికి నాకూ తేలిగ్గానే అనిపించింది. ఆ కీబోర్డు బాబు దవడ ఎట్టా ఉందో పాపం, క్షమించాలి. రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోతున్నా. కాలి పుండు దాచుకుని సిగ్గుపడుతున్నవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే రండి. ఆటోలో చోటుంది."

ఫోను నా చేతికిచ్చింది. "పెట్టు."

"ఊరంతా నవ్వుద్దమ్మా."

"నవ్వనీ. ఇప్పటిదాకా నీ ఇష్టం వచ్చినట్టు నవ్వింది. ఈసారి నేను చెప్పినచోట నవ్వుద్ది."

పెట్టాను.

ఏప్రిల్ 10, గురువారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. రెండు వేళ్ళు తీసెయ్యాలన్నారు. ఇంకో పది రోజులు ఆగి వస్తే పాదం పోయేదన్నాడు డాక్టరు. నిజం డాక్టరు.

ఫోను చూడాలంటే అసహ్యంగా ఉంది. ఊరంతా నవ్వుతోంది, నన్ను చూసి. అది సరే. "ఆంటీ సూపర్, నెక్స్ట్ ఎపిసోడ్ ఎప్పుడు?" అని ఒకడు. "మీ అమ్మగారిని ఈస్టర్ స్టేజి ఎక్కిద్దామా?" అని ఫాదర్. ఆ కింద, "ఇవాళ ఆమె కోసం పూజ చేశాను. నిన్ను ఆ రోజు మావాడివి కాదన్నందుకు కూడా" అని ఇంకోటి. మొదటిది చూసి తిట్టబోయి రెండోది చూసి ఆగాను.

పొద్దున జరిగింది రాయాలి.

ఆటో వచ్చింది. అమ్మను ఎత్తి కూర్చోబెట్టాను. అప్పుడు సందు చివర నుంచి వెంకాయమ్మ వచ్చింది. మందిరంలో ముందు వరసలో చేతులెత్తే మనిషి, నన్ను చూస్తే ఉమ్మేసేది. కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఉంది. నా వైపు చూడకుండా ఆటో ఎక్కి అమ్మ పక్కన కూర్చుంది. ఆ తర్వాత ప్రేమావతి టీచరు. మా చర్చిలో బైబిలు వాచకం చదివే ఆవిడ. చెప్పు ఆడియో విని అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే. మేజోడు తీసి పుండు చూపించింది. తనూ ఎక్కింది. చివర్లో రూత్, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు.

ఆటో నిండిపోయింది. ఒకావిడ స్తోత్రం అంటోంది, ఒకావిడ జపమాల బయటికి తీసింది, మా అమ్మ మధ్యలో ఇరుక్కుని రెండు వైపులా సర్దుకోమంటోంది. డ్రైవరు నావైపు చూశాడు. నాకు చోటు లేదు. అతని పక్కన అంచు మీద సగం కూర్చుని, సగం గాల్లో వేలాడుతూ కమ్మీ పట్టుకున్నాను.

ఆటో కదిలింది. వెనక నుంచి అమ్మ కేకేసింది.

"గట్టిగా పట్టుకోరా నాయనా. పడ్డావంటే నవ్వుతారు."